గని రాకముందు గాలి

మార్చి 3

చేరాను. శత్రువు ఇంట్లోకే చేరాను. రాయదుర్గం మెట్రో దిగితే ఎదురుగా అద్దాల టవర్, అందులో పదకొండో అంతస్తు. లిఫ్టులో అందరి మెడల్లోనూ తాళ్లు, తాళ్లకు ఫోటోలు. నా మెడలోనూ ఒకటి వేశారు.

గోదావరి అవతల ఇప్పలవాయి అనే ఊరి పక్కన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని రాబోతోంది. అది రాకముందు అక్కడి గాలి, నీళ్లు, మట్టి, చప్పుడు ఎలా ఉన్నాయో కొలిచి రాయడం మా సంస్థ పని. బేస్‌లైన్ అంటారు. కొలిచినందుకు డబ్బిచ్చేది గని కంపెనీయే! అంగడివాడే తన తూకపు రాయిని తనిఖీ చేయించుకున్నట్టు. కెమిస్ట్రీ మార్కుల కోసం చదివాను. నిజంగా చదువుకున్నది కరపత్రాలు. వాటిలో ఏం రాశారో అదే ఇక్కడ కళ్లారా కనిపిస్తోంది. లోపల ఉండి పగలగొడతాను.

పై అధికారి బాలాత్రిపురసుందరి. పేరు రాసేసరికే పెన్ను అలిసింది. కాకినాడ మనిషి, యాభై దాటి ఉంటాయి. నివేదిక మీద చివరి సంతకం ఆమెది. ఆమె పెట్టకపోతే అది కదలదు. అంటే కంపెనీ కలం ఆమే.

"ఏం చదివావయ్యా?" అని అడిగింది.

"పుస్తకాల్లోనా, బయటా మేడమ్?"

"పుస్తకాల్లోది చెప్పు. బయటది నీ మొహం మీద కనిపిస్తూనే ఉందిగా."

మార్చి 9

ఇప్పలవాయి వెళ్లొచ్చాం. దుమ్ము మిషన్ పెట్టే చోటును వీళ్లు స్టేషన్ అంటారు. రైలూ లేదు, పోలీసులూ లేరు. ఒక డాబా, డాబా మీద ఇనుప పెట్టె. అది రాత్రీ పగలూ గాలి పీలుస్తూ ఉంటుంది. లోపల తెల్లటి ఫిల్టర్ పేపర్ ఉంటుంది. గాలిలోని దుమ్ము దాని మీద పడుతుంది. ముందు తూచి, తర్వాత తూస్తే తేడాయే దుమ్ము. ఇంతే.

ఊళ్లో ఎవరి డాబా దొరికితే వాళ్ల డాబా మీద పెట్టి వచ్చేస్తారనుకున్నాను. సుందరి మేడమ్ చీర కుచ్చిళ్లు దోపుకుని, కర్ర నిచ్చెన మీదుగా నాలుగు డాబాలు ఎక్కి దిగింది. ఒకదానికి చెట్టు అడ్డం. ఒకదాని పక్కనే ట్రాక్టర్ షెడ్డు. ఇంకోదాని గోడ ఎత్తు. చివరికి భూలక్ష్మి అనే రైతు ఇల్లు కుదిరింది. దాని పక్కన వరి పొలం, వెనక ఇప్ప చెట్లు.

"పొయ్యి ఎక్కడమ్మా మీది?" అని అడిగింది మేడమ్.

భూలక్ష్మి నడుం మీద చెయ్యి పెట్టింది. "ఏంది, నా పొయ్యి మీద గూడ కేసు పెడ్తరా?"

"మీ పొయ్యికి దణ్ణమండి. దాని పొగ మా మిషన్ తినకూడదని అడుగుతున్నా."

"తింటే తిననీ. రోజూ నేను తింటలేనా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. కంపెనీ సొమ్ముతో నవ్వులేమిటి?

మార్చి 10

ఆమెను మెచ్చుకోవడం లేదు. నిచ్చెన ఎలా ఎక్కిందో రాశానంతే.

మార్చి 26

మా ల్యాబ్ టవర్‌లో లేదు. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో, షేర్ ఆటోలు తిరిగే సందులో, చుట్టూ ఆకాశహర్మ్యాలు తొంగిచూసే రెండంతస్తుల ఇంట్లో ఉంది. నా హాస్టల్ కూడా అదే సందు. ఫిల్టర్లు తూచేది నవ్య. ప్రొద్దుటూరు అమ్మాయి.

ఇప్పలవాయి కాగితాలు చూపించింది. దాదాపు వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చాయి. తెల్లగా. వెలుతురుకి పెట్టి చూస్తే కాస్త పాలిపోయిన మరక.

"దుమ్ము తక్కువొస్తే ఏడ్చేటోన్ని నిన్నే చూస్తాండా అబ్బీ" అంది.

ఎందుకు ఏడవను? ఈ తెల్లకాగితం పట్టుకుని కంపెనీ ఏమంటుంది? ఇక్కడ కాలుష్యమే లేదు, మేం కాస్త చేసుకుంటే ఏం పోతుంది అంటుంది. అదే ఊరి గాలి ఇప్పటికే పాడైందని అంకెల్లో తేలితే? హద్దు దాటిందని తేలితే? ఇంకో గని పెట్టడానికి ఎవడొప్పుకుంటాడు! ఈ మాట ఎవరికీ ఎందుకు తట్టలేదో అర్థం కాదు.

ఏప్రిల్ 6

మేడమ్ సెలవు పెట్టి కాకినాడ వెళ్లింది. వాళ్ల అక్కకు ఒంట్లో బాగోలేదట. ఇప్పలవాయి స్టేషన్ నాకు అప్పగించింది. "మిషన్ జోలికి పోకు. పేపరు మార్చు, కరెంటు పోతే రాయి, అంతే" అని చెప్పింది.

వెళ్లేసరికి భూలక్ష్మి నా మీద విరుచుకుపడింది.

"ఏంది బిడ్డా గీ గుర్రు? రాత్రంత ఒకటే గుర్రు. మా ఆయన గురక బంద్ అయిందని సంబురపడితే నువ్వొచ్చి నెత్తి మీద ఇంకొకడిని పండబెట్టినవ్."

న్యాయమే కదా. మనిషికి నిద్ర కావాలి. కంపెనీ మిషన్ కోసం రైతు నిద్ర చెడగొట్టడం దోపిడీ కాదా? మిషన్ దించి, ఊరి బయట కంకర క్రషర్ మలుపులో ఉన్న చాయ్ హోటల్ పైకి ఎక్కించాను. అదీ ఇప్పలవాయి పొలిమేరే. కాబట్టి కాగితంలో స్టేషన్ పేరు మార్చాల్సిన అవసరం లేదు.

ఏప్రిల్ 7

భూలక్ష్మి నిద్ర కోసమే మార్చాను.

ఏప్రిల్ 21

బూడిద రంగు! నవ్య పట్టకారుతో పైకెత్తితే కాగితం బరువుగా వంగింది. కంకర లారీలు పోతూనే ఉంటాయి అక్కడ. లెక్క కట్టాం. చట్టం పెట్టిన హద్దుకు కాస్త కిందే ఆగింది. దాటలేదు. పర్వాలేదు, ఎండలు ముదిరితే దాటుతుంది.

"ఇది ఇప్పలవాయిదేనా?" అంది నవ్య.

"కాక మరేంది?"

ఆమె కాగితాన్ని ఇంకోసారి వెలుతురుకి పెట్టి చూసి, కవర్లో వేసింది.

మే 5

గని కంపెనీ మేనేజర్ మధుసూదన్ ఆఫీసుకు వచ్చాడు. మధ్యంతర అంకెలు చూడ్డానికి. కరపత్రాల్లో కంపెనీవాళ్లకు కోరలుంటాయి. ఇతను నవ్వుమొహం మనిషి, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఇప్పలవాయి వరుస దగ్గర వేలు ఆపి, నన్ను వెతుక్కుంటూ నా సీటు దగ్గరికొచ్చాడు.

"ఇప్పలవాయి స్టేషన్ నువ్వే చూస్తున్నవా భై? మస్తు నంబరొచ్చింది."

"హద్దుకు దగ్గరగా ఉంది సార్" అన్నాను, గట్టిగా. నవ్వు మాయమవుతుందనుకున్నాను.

"గదే కదా! దాటలే. దాటితే పరేషాన్, మరీ తక్కువుంటే ఇంకా పరేషాన్. రేపు గని నడుస్తున్నప్పుడు ఊరోళ్లు దుమ్మని ధర్నాకు కూసుంటరు. అప్పుడు ఏం చూపిస్తం? మేం రాకముందు కూడా గిట్లనే ఉండె అని గిదే కాగితం చూపిస్తం." భుజం తట్టాడు. "ఇగ ఫికర్ లేదు. హుషారైన పోరడివి."

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను.

మే 6

సెలవు పెట్టాను. కడుపులో నొప్పి అని చెప్పాను.

అమ్మ ఫోన్ చేసింది. "ఏం నాయనా, తింటివా?" తిన్నానన్నాను. "గొంతు అట్లుందేం? ఆఫీసులో ఎవురితోనైనా కొట్లాడితివా?" ఈసారి కొట్లాడలేదమ్మా, అదే తప్పు.

మే 8

మేడమ్ ల్యాబ్‌కు రమ్మంది. సెలవు నుంచి వచ్చాక వేరే స్టేషన్లతో మునిగి ఉందని, ఇప్పలవాయిది చూడలేదని అనుకున్నాను. బల్ల మీద ఇప్పలవాయి ఫిల్టర్లన్నీ వడియాలు ఆరబెట్టినట్టు వరసగా పరిచి ఉన్నాయి. మార్చివి తెల్లగా, తర్వాతవి బూడిదగా.

"ఇవి భూలక్ష్మి గారి డాబా మీదవి కావు" అంది, తల ఎత్తకుండానే.

"మేడమ్…"

"ఇది రాతి పొడి. క్రషర్ ఊరికి తూర్పున ఉంది. ఏప్రిల్ అంతా గాలి పడమటి నుంచి వీచింది, మన గాలి మీటరే చెబుతోంది. మరి రాయి ఎదురుగాలికి ఎలా వచ్చిందయ్యా? నడిచి వచ్చిందా, ఆటో ఎక్కిందా?"

చెప్పేశాను. మెల్లిగా చెప్పాల్సింది, అరిచాను. ఊరిని కాపాడాలనే చేశాను, మీరంతా కంపెనీ కోసం పనిచేస్తున్నారు, నేనొక్కణ్ణే ఊరి కోసం పనిచేస్తున్నాను. ఇలాంటివే. నవ్య తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

మేడమ్ నా అరుపు మొత్తం విని, మంచినీళ్ల సీసా నా వైపు జరిపింది.

"అనుమతి ఇచ్చేది నువ్వూ కాదు, నేనూ కాదు. గని రావచ్చు, రాకపోవచ్చు. వస్తే? పదేళ్ల తర్వాత భూలక్ష్మి గారి మనవడు దగ్గుతూ కోర్టుకు వెళితే, ఒకప్పుడు మా గాలి ఇలా ఉండేది అని చెప్పడానికి వాడి చేతిలో ఏముంటుంది? ఈ తెల్లకాగితం ఒక్కటే. దీన్ని నువ్వు బూడిద చేశావు. నువ్వు ఊరికి లాయరవుదామనుకున్నావు నాయనా. ఊరి సాక్షిని చంపి, ఏం వాదిద్దామని?"

నీళ్లు తాగాను.

"నేను కొలిచిన ఊళ్లలో రెండు ఇప్పుడు లేవు" అంది, ఫిల్టర్లు ఒక్కొక్కటే కవర్లలో పెడుతూ. "గనిలోకి పోయాయి. అవి ఎలా ఉండేవో చెప్పడానికి నేను సంతకం పెట్టిన అంకెలు తప్ప ఇంకేం మిగల్లేదు. అందుకే డాబాలెక్కుతాను. మోకాళ్లు సరదాకి నొప్పి పెట్టవుగా."

సందులో నడుచుకుంటూ హాస్టల్‌కు వచ్చాను. ఇన్నేళ్లుగా చదివిన ఏ కరపత్రంలోనూ ఈ మాట లేదు. ఇరవై ఏళ్లుగా కంపెనీల డబ్బుతో, కంపెనీల కార్లలో తిరుగుతూ, ఊళ్ల తరఫున సాక్ష్యం దాచిపెడుతున్న మనిషిని నేను కంపెనీ కలం అన్నాను.

ఇక్కడే రాశాను. పైన ఉంది. కొట్టివేయను.

మే 12

మీటింగ్. మా సంస్థ యజమాని శ్రీనివాసరావు గారు, మధుసూదన్, మేడమ్, నేను.

ఏప్రిల్ అంకెలు తీసేస్తే ఇప్పలవాయికి ఈ ఎండాకాలం లెక్క సరిపోదు. వానాకాలం కొలతలు చెల్లవు. మళ్లీ వానలు తగ్గాకే మొదటి నుంచీ కొలవాలి. అంటే నివేదిక చలికాలం దాటేదాకా ఆగాలి. కంపెనీ జూన్‌లోనే కావాలంటోంది. కాబట్టి ఇవాళ తేలాల్సింది ఒక్కటే. బూడిద అంకె ఉంటుందా, పోతుందా?

శ్రీనివాసరావు గారు గొంతు సవరించుకుని, "మేడమ్ గారూ, హద్దు లోపలే ఉంది కదండి. పోనిద్దామా?" అన్నారు.

"పోయిందండి. ఆ అంకెలు ఉపసంహరించుకుంటున్నామని పొద్దున్నే కంపెనీకి మెయిల్ పెట్టాను. మీకూ కాపీ ఉంది. ఇప్పుడు మాట్లాడుకుందాం."

మధుసూదన్ ఫోన్ తీసి చూశాడు. నవ్వు పోవడం మొదటిసారి చూశాను. "ఇదేంది మేడమ్! గిట్ల చేస్తే పని వేరేటోళ్లకు ఇస్తం."

"తప్పకుండా ఇవ్వండి. ఆ మెయిల్ కూడా ఇవ్వండి వాళ్లకి. మిషన్ జరిపిన సంగతి దాచి సంతకం పెట్టేవాళ్లు ఎవరైనా దొరికితే నాకూ చెప్పండి, పరిచయం చేసుకుంటా."

నేను లేచాను. మెయిల్ అప్పటికే చదివాను. అందులో తన పర్యవేక్షణ లోపం వల్ల మిషన్ స్థానం మారింది అని రాసుకుంది. నా పేరు ఎక్కడా లేదు. "మిషన్ జరిపింది నేను. మేడమ్‌కు…"

"కూర్చో" అంది.

కూర్చున్నాను. జీవితంలో ఎవరైనా కూర్చోమంటే కూర్చోవడం ఇదే మొదటిసారి అనుకుంటా.

కంపెనీ దిగొచ్చింది. ఇప్పలవాయి మళ్లీ కొలుస్తారు. కానీ వచ్చే ఏడాది ఇంకో పెద్ద గని పని ఉంది, దానికి ఆమె ఉండకూడదని మధుసూదన్ పోతూ పోతూ షరతు పెట్టాడు. శ్రీనివాసరావు గారు బల్ల వంక చూస్తూ తలూపారు. మేడమ్ తన టిఫిన్ డబ్బా సర్దుకుంటూ ఉండిపోయింది.

లిఫ్టు దగ్గర పట్టుకున్నాను. "నా పేరు ఎందుకు రాయలేదు మేడమ్? నేను దాక్కునేవాణ్ణి కాదు."

"నీ పేరుకి అక్కడ ఇంకా విలువ లేదయ్యా. సంతకం నాది, తప్పూ నాది. నీకంటూ ఒక సంతకం వచ్చాక నీ తప్పులు నువ్వు రాసుకో, ఎవరొద్దంటారు?"

కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అలాంటి కోపం ఎంతకీ చల్లారకూడదనిపిస్తోంది.

మే 13

రాజీనామా రాశాను. నవ్యకు చూపించాను. చివరిదాకా చదివి, "కింద జిందాబాద్ ఒకటి తక్కువైంది, పెట్టు" అని తిరిగిచ్చి, ఖాళీ ఫిల్టర్ల పెట్టె నా ముందుకు తోసింది. "అంతదాకా ఇవి తూయి."

జూన్ 19

వాన. ఖాళీ ఫిల్టర్లు తూస్తున్నాను.

జులై 30

వాన. ఖాళీ ఫిల్టర్లు. గచ్చిబౌలి అంతా నీళ్లు. మేడమ్ చెప్పులు చేత్తో పట్టుకుని ల్యాబ్‌కు వచ్చి, నా అంకెల్లో ఒకటి తప్పని చెప్పి, మళ్లీ చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లింది. నిజంగానే తప్పు.

అక్టోబరు 8

ఇప్పలవాయికి నన్నే వెళ్లమంది. నమ్మలేకపోయాను.

"నన్నే ఎందుకు మేడమ్?"

"కొత్తవాణ్ణి పంపితే వాడెలాంటి తప్పు చేస్తాడో నేను మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలి. నీ తప్పు తెలిసిందేగా."

అక్టోబరు 11

భూలక్ష్మి వాకిట్లో నిలబడి నన్నూ, వెనక జీపులో ఉన్న ఇనుప పెట్టెనూ చూసింది. "మల్లొచ్చినవా? నీ గురకోన్ని గూడ తెచ్చినవా? ఇగ నా నిద్ర పాయె."

ఈసారి ఎందుకు పెడుతున్నామో కూర్చుని చెప్పాను. మీ గాలి బాగుందని రాసిపెట్టడానికి, రేపు ఏమైనా అయితే ఆ కాగితమే మీకు అక్కరకొస్తుందని. కరపత్రం భాష ఒక్క ముక్క కూడా వాడలేదు. వాడితే "నీ మాట నాకు సమజైతలేదు" అనేది.

భూలక్ష్మి తన మంచాన్ని వెనక గదిలోకి జరిపించుకుంది. "ఎక్కించు మరి."

నవంబరు 2

తెలుపు. తెలుపు. మళ్లీ తెలుపు. ఫిల్టర్ తీసినప్పుడల్లా ఎవరూ చూడకుండా నవ్వుకుంటున్నాను. మేడమ్‌కు ఫోటో పంపితే "నవ్వు ఆపి, కవరు మీద తారీఖు వెయ్యి" అని జవాబొచ్చింది. ఫోటోలో నేను లేనే లేను. నవ్వుతున్నానని ఎలా తెలిసింది?

నవంబరు 17

పక్క పొలంలో కోత మిషన్ దిగింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరి కోశారు. ఊరంతా పొట్టు ధూళి, ఎండలో బంగారంలా లేచింది. చూస్తూ నిలబడ్డాను. తర్వాతే గుర్తొచ్చింది, డాబా మీద మన పెట్టె పీలుస్తూనే ఉందని.

నవంబరు 18

ఫిల్టర్ తీశాను. గోధుమ రంగు. తూస్తే ఇన్నాళ్ల తెలుపు సగటంతా పైకి పోతుంది. మధుసూదన్ మొహం కళ్ల ముందు కనిపించింది, "గిట్లనే ఉండె" అంటూ.

ఒక దారి ఉంది. కరెంటు పోయిందని రాస్తే ఆ రోజు లెక్కలోకి రాదు. ఇక్కడ కరెంటు పోవడం వింత కాదు. ఎవరూ అడగరు. ఆ కాగితం ఊరికి సాక్షి అన్నది మేడమే కదా. సాక్షి నోట మంచి మాటే చెప్పిస్తే తప్పేంటి?

అరగంట అరుగు మీద కూర్చున్నాను. భూలక్ష్మి వచ్చి కాగితం చూసి, నా మొహం చూసి, మొత్తం అర్థం చేసుకుంది.

"కరెంట్ పోయిందని రాయి బిడ్డా. ఎవడు చూడొచ్చిండు?"

"పోలేదు కదా."

"మా ఊరికి మంచి జేస్తవా, చెడు జేస్తవా?"

మేడమ్‌కు ఫోన్ చేద్దామని తీసి, పెట్టేశాను. ఆమె ఏమంటుందో తెలుసు. ఆమె అంటుందని చేయడం వేరు. ఏప్రిల్లో నాకు కావలసిన ఊరిని రాశాను. ఇప్పుడూ నాకు కావలసిన ఊరినే రాయబోతున్నాను. రంగు మారింది, అంతే.

కవరు మీద తారీఖు వేశాను. కరెంటు ఉంది, మిషన్ సరిగ్గా నడిచింది అని రాశాను. వివరాల గడిలో: పక్క పొలంలో వరి కోత.

భూలక్ష్మి లోపలికి వెళ్లిపోయింది. గిన్నెల చప్పుడు గట్టిగా వినిపించింది. జీపు దగ్గర కవర్లు సర్దుకుంటుంటే మళ్లీ బయటికొచ్చింది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

"రాసినవా?"

"రాశాను."

"ఏమని రాసినవ్?"

చదివి వినిపించాను.

"పక్క పొలం ఏంది, పక్క పొలం! రాస్తే రాసినవ్ గని, ఎవరి వరో గూడ రాయి."

కవరు మళ్లీ బయటికి తీశాను. భూలక్ష్మి గారి వరి, అని చేర్చాను. ఆమె నా భుజం మీదుగా వంగి, చదువు రాకపోయినా, నేను చివరి అక్షరం రాసేదాకా చూసింది.